ఒక మినిట్‌కి ఒక మైలు: సూర్యుణ్ని కొలిచి ఓడ ఉన్న చోటు తేల్చడం
(విశాఖపట్నంలో చేసిన ప్రసంగం. బోర్డు మీద వేసిన లెక్కలను మాటల మధ్యే చేర్చాం.)

అందరికీ నమస్కారం. జీపీఎస్ ఉండగా ఈ గొడవంతా దేనికి అని మీలో సగంమంది అడగబోతున్నారు. ఆ సంగతి ముందే తేల్చేసుకుందాం. జీపీఎస్ సిగ్నల్ చాలా బలహీనమైంది. దాన్ని అణచెయ్యడం తేలిక, దొంగ సిగ్నల్‌తో మోసం చెయ్యడమూ కష్టం కాదు. ఎర్ర సముద్రంలోనూ, పర్షియన్ గల్ఫ్‌లోనూ, నల్ల సముద్రంలోనూ ఈ కొన్నేళ్లుగా అదే జరుగుతోంది. రిసీవర్ ఆగిపోతే ఇబ్బంది లేదు, ఆగిపోయిందని తెలుస్తుంది. తప్పుడు చోటు చూపిస్తూ మామూలుగా పనిచేస్తుంటే అదీ ప్రమాదం. అప్పుడు దాంతో సంబంధం లేని రెండో సాక్షి కావాలి. డెక్ ఆఫీసర్లకు సూర్యుణ్ని, చుక్కల్ని కొలిచి పొజిషన్ తీసే నైపుణ్యం ఉండాలని నావికుల శిక్షణ గురించిన అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ ఇప్పటికీ అడుగుతున్నది ఇందుకే.

అలాగని సూర్యుడి ఎత్తును కోణంగా కొలిచే పరికరం సెక్స్‌టెంట్ గొప్పలు చెప్పడానికి రాలేదు. జీపీఎస్ పది మీటర్లలో చెబుతుంది. మంచి చెయ్యి పడ్డ సెక్స్‌టెంట్, కదిలే ఓడ మీద, ఒకటి రెండు మైళ్లలో చెబుతుంది. నడి బంగాళాఖాతంలో అది చాలు. గంగవరం పోర్టు ముందరో, గోదావరి నోటి దగ్గరో అది ఎందుకూ కొరగాదు. అక్కడ రాడార్ చూడండి, లైట్‌హౌస్ బేరింగ్ తియ్యండి.

ఒక ఏర్పాటు చేసుకుందాం. డిగ్రీలో అరవయ్యో వంతునీ నిమిషం అంటాం, గంటలో అరవయ్యో వంతునీ నిమిషమే అంటాం. ఈ సాయంత్రం వరకూ కోణానికి మినిట్, గడియారానికి నిమిషం. ఈ మినిటే మన కొలబద్ద. భూగోళం మీద ఒక మినిట్ అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. ఏ తప్పు గురించి మాట్లాడినా అది ఎన్ని మినిట్లో అడగండి, ఎన్ని మైళ్లు పోయాయో అదే చెబుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఏ క్షణాన చూసినా సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే చోటు భూమ్మీద ఒక్కటే ఉంటుంది. ఆ చోటు అక్షాంశాన్ని డెక్లినేషన్ అంటాం. గ్రీనిచ్ నుంచి పడమటి వైపుగా దాని కోణాన్ని జీహెచ్ఏ అంటాం. ఈ రెండూ ప్రతి గంటకీ నావికుల పంచాంగం నాటికల్ ఆల్మనాక్‌లో అచ్చువేసి ఉంటాయి. మీరు ఆ చోటికి ఎంత దూరంలో ఉంటే సూర్యుడు మీ నడినెత్తి నుంచి అంత కోణం దిగి కనిపిస్తాడు. సూర్యుడి ఎత్తు, అంటే సముద్రపు అంచు గీత (హొరైజన్) నుంచి పైకి కొలిచిన కోణం, 49 డిగ్రీల 44 మినిట్లు ఉందంటే నడినెత్తి నుంచి 40 డిగ్రీల 16 మినిట్లు దిగాడు. అంటే 2416 మినిట్లు, అంటే మీరు ఆ చోటికి 2416 మైళ్ల దూరంలో ఉన్నారు. ఏ దిక్కున? అది మాత్రం సెక్స్‌టెంట్ చెప్పదు. 2416 మైళ్ల వ్యాసార్థంతో భూగోళం మీద గీసిన వలయంలో ఎక్కడైనా ఉండవచ్చు.

అందుకే ఒక్క సైట్‌తో, అంటే ఒక్కసారి ఎత్తు కొలిస్తే, పొజిషన్ రాదు, గీత వస్తుంది. వలయం అంత పెద్దది కాబట్టి మనమున్న పాతిక ముప్ఫై మైళ్ల మేర అది తిన్నని గీతలాగే ఉంటుంది. దీన్ని 1837 డిసెంబరు 17న ఐర్లండ్ దగ్గర్లో, మబ్బుల సందున దొరికిన ఒకే ఒక్క సైట్‌తో కనిపెట్టింది అమెరికన్ కెప్టెన్ థామస్ సమ్నర్. ఆ గీతను తక్కువ లెక్కతో చార్టు మీదకు తెచ్చే ఇంటర్‌సెప్ట్ పద్ధతిని 1875లో ఫ్రెంచి నౌకాదళ అధికారి సాంతిలేర్ ఇచ్చాడు. ఇవాళ ఓడల మీద వాడుతున్నదీ అదే.

సరే, సెక్స్‌టెంట్. ఆర్క్, దాని మీద తిరిగే ఇండెక్స్ ఆర్మ్, ఆ ఆర్మ్ మీద ఇండెక్స్ అద్దం, ఎదురుగా సగం పారదర్శకమైన హొరైజన్ అద్దం, టెలిస్కోపు, రంగు షేడ్లు, మినిట్లు చదవడానికి మైక్రోమీటర్ డ్రమ్. అద్దం ఒక డిగ్రీ తిరిగితే ప్రతిబింబం రెండు డిగ్రీలు జరుగుతుంది కాబట్టి 60 డిగ్రీల ఆర్క్ మీద 120 డిగ్రీల కొలత పడుతుంది.

సైట్ తీసే ముందు మూడు తప్పులు చూడాలి, ఈ వరసలోనే చూడాలి. మొదటిది ఇండెక్స్ అద్దం నిలువు. ఆర్మ్‌ని ఆర్క్ మధ్యకు తెచ్చి, ఆర్క్ మీకు అవతలి వైపు ఉండేట్టు పట్టుకుని అద్దంలోకి ఏటవాలుగా చూడండి. అసలు ఆర్క్, అద్దంలోని ఆర్క్ ఒకే గీతలో కలవాలి. మెట్టు కనిపిస్తే అద్దం వెనక స్క్రూ తిప్పాలి. రెండోది సైడ్ ఎర్రర్. సున్నా దగ్గర పెట్టి సూర్యుణ్ని చూస్తే రెండు బింబాలు ఒకదాని మీద ఒకటి పోవాలి, పక్కపక్కగా కాదు. మూడోది ఇండెక్స్ ఎర్రర్, అంటే సున్నా చూపాల్సిన చోట సెక్స్‌టెంట్ చూపే తప్పు. స్క్రూలతో కుస్తీ పడకండి. మూడు మినిట్ల లోపు ఉంటే దాన్ని వదిలేసి లెక్కలో తీసెయ్యడమే మేలు. మాటిమాటికీ తిప్పిన స్క్రూ వదులై, తర్వాత ఏ రోజు ఎంత తప్పు చూపిస్తుందో తెలియకుండా పోతుంది. రోజూ ఒకేలా ఉండే తప్పుతో కాపురం చెయ్యవచ్చు, మారే తప్పుతో చెయ్యలేం.

ఇండెక్స్ ఎర్రర్ కొలవడానికి హొరైజన్ కంటే సూర్యుడే నయం. ప్రతిబింబాన్ని అసలు బింబానికి ఒక పక్క తాకించి చదవండి, తర్వాత రెండో పక్క తాకించి చదవండి. ఒకటి ఆర్క్ మీద (సున్నాకి ఇవతల) 34.2', రెండోది ఆర్క్ బయట (సున్నాకి అవతల) 29.8' వచ్చాయనుకోండి. తేడాలో సగం 2.2', అదే ఇండెక్స్ ఎర్రర్. ఆర్క్ మీద ఎక్కువ వచ్చింది కాబట్టి ప్రతి కొలత నుంచీ తియ్యాలి. ఇంకో లాభం ఉంది. రెండూ కలిపితే 64.0', నాలుగో వంతు 16.0'. అది సూర్యుడి అర్ధవ్యాసం కావాలి. ఆల్మనాక్‌లో ఆ రోజుకి ఇచ్చిన అంకెతో 0.3' లోపు సరిపోతే మీ కన్నూ, చెయ్యీ, సెక్స్‌టెంటూ మూడూ బాగున్నట్టు.

ఇప్పుడు సైట్. షేడ్లు వెయ్యకుండా టెలిస్కోపులో సూర్యుణ్ని చూడకూడదు, క్షణం కూడా. రెండు సెట్ల షేడ్లు ఉంటాయి, ప్రతిబింబానికి ఒకటి, హొరైజన్‌కి ఒకటి. సూర్యుడి కింద నీళ్లు తళతళలాడుతుంటే హొరైజన్ షేడు కూడా వెయ్యాలి. సూర్యుణ్ని హొరైజన్ దాకా దించి, కింది అంచు నీటి గీతను ముట్టుకునేట్టు డ్రమ్ తిప్పాలి. డ్రమ్ ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ ముగించండి, మరలో కాస్త వదులు ఉంటుంది. ముట్టుకున్నాక సెక్స్‌టెంట్‌ని కుడికీ ఎడమకీ ఊయలలా వంచండి. సూర్యుడు ఒక వంపు తిరుగుతాడు. ఆ వంపులో అన్నిటికంటే కింది బిందువు దగ్గర అంచు గీతను తాకాలి. ఊపకుండా తీసిన సైట్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, సెక్స్‌టెంట్ వాలిన కొద్దీ ఇంకా ఎక్కువ. కొత్తవాళ్ల సైట్లు మైళ్లకు మైళ్లు తప్పడానికి మొదటి కారణం ఇది.

తాకిన క్షణాన టైం. ముందు సెకన్లు రాసుకోవాలి, తర్వాత నిమిషాలు, తర్వాత గంటలు, ఆ తర్వాతే కోణం. కోణం ఎక్కడికీ పోదు, డ్రమ్ మీదే ఉంటుంది. సెకన్లు పోతాయి. నాలుగు సెకన్లు తప్పితే రేఖాంశం ఒక మినిట్ తప్పుతుంది, మన అక్షాంశంలో ఇంచుమించు ఒక మైలు. ఒక నిమిషం తప్పితే పద్నాలుగు మైళ్లు పైమాట. ఓడ క్రోనోమీటర్‌ని, అంటే కచ్చితమైన గడియారాన్ని, ఎవరూ సరిచెయ్యరు. రోజూ రేడియో టైం సిగ్నల్‌తో పోల్చి, ఎంత ముందో వెనకో రాసిపెడతారు. రోజుకి ఎంత చొప్పున పోతోందో తెలిస్తే, రెండు రోజులు సిగ్నల్ అందకపోయినా లెక్క కట్టవచ్చు.

ఈ టైం సంగతి మన ఊరికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. సరైన టైం తెలియడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య నిలిపారు. రేవులోని ఓడకు అది ఎంత అవసరమో ఇప్పుడు మీకు తెలుసు. టైం తెలియకపోతే రేఖాంశం లేదు.

ఇప్పుడు ఒక ఓడను విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పంపుదాం. కోర్సు 123, అంటే ఉత్తరం నుంచి కుడివైపుగా 123 డిగ్రీల దిశ. వేగం 12 నాట్లు, అంటే గంటకు 12 మైళ్లు. తేదీ డిసెంబరు 22, డెక్లినేషన్ దక్షిణం 23° 26.0' అనుకుందాం. ఆ రోజుల్లో అది దాదాపు కదలదు, లెక్కకు సుఖం. బ్రిడ్జి (ఓడ నడిపే చోటు) మీద కంటి ఎత్తు నీటి నుంచి 16 మీటర్లు. ఇండెక్స్ ఎర్రర్ ఇందాకటి 2.2'. పొద్దున ఎనిమిదిన్నరకు ఒక సైట్, మధ్యాహ్నం ఒక సైట్.

తేలికైంది కాబట్టి మధ్యాహ్నంది ముందు చూద్దాం. సూర్యుడు మన రేఖాంశాన్ని దాటే వేళ ఆల్మనాక్‌లో స్థానిక కాలం 11:58 అని ఉంటుంది. మనం 84° 40' తూర్పు దగ్గర ఉంటామని అంచనా. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 5 గంటల 39 నిమిషాలు తీసేస్తే జీఎంటీ (గ్రీనిచ్ టైం) 06:19, మన గడియారంలో 11:49. పది నిమిషాల ముందే బ్రిడ్జి వింగ్ మీదకు వెళ్లి సూర్యుణ్ని గీతకు తాకించి ఉంచండి. సూర్యుడు లేస్తుంటాడు, మీరు డ్రమ్ తిప్పి మళ్లీ తాకిస్తుంటారు. లేవడం మెల్లగా తగ్గి ఒక దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత అంచు నీళ్లలో మునగడం మొదలెడుతుంది. అప్పుడు డ్రమ్ వెనక్కి తిప్పకండి. ఉన్నది చదవండి.

చదివితే 49° 37.6' వచ్చింది. ఇండెక్స్ ఎర్రర్ 2.2' తీస్తే 49° 35.4'. తర్వాత డిప్. మనం నీటి మట్టంలో లేం, పైన ఉన్నాం, అందుకని కనిపించే గీత అసలు సమతలం కంటే కిందకి ఉంటుంది. కంటి ఎత్తు మీటర్లలో వేసి, వర్గమూలం తీసి 1.76తో గుణిస్తే మినిట్లలో డిప్ వస్తుంది. 16 మీటర్లకు 7.0'. తీస్తే 49° 28.4'. ఆ పైన గాలి వంచే కాంతికి 0.8' తియ్యాలి, భూమి కేంద్రం నుంచి కాక పైనుంచి చూడడం వల్ల వచ్చే తేడా, పేరలాక్స్, 0.1' కలపాలి, కింది అంచు కొలిచాం కాబట్టి అర్ధవ్యాసం 16.3' కలపాలి. మొత్తం 15.6'. నిజమైన ఎత్తు 49° 44.0'. తొంభైలోంచి తీస్తే 40° 16.0'. సూర్యుడు దక్షిణాన ఉన్నాడు, డెక్లినేషన్ దక్షిణం, మనం ఉత్తరాన ఉన్నాం. 40° 16.0' లోంచి 23° 26.0' తీస్తే అక్షాంశం ఉత్తరం 16° 50.0'.

అంతే. ట్రిగనామెట్రీ లేదు, గడియారం ఒక నిమిషం అటూఇటూ ఉన్నా ఫరవాలేదు. అందుకే క్రోనోమీటర్లు లేని కాలంలో కూడా నావికులకు అక్షాంశం తెలిసేది. ఒక చిన్న మెలిక ఉంది. ఓడ దక్షిణానికి పోతోంది, అంటే సూర్యుడి వైపు పోతోంది. కాబట్టి అత్యధిక ఎత్తు రేఖాంశం దాటిన క్షణాన కాక, ఓ నిమిషం తర్వాత వస్తుంది. 12 నాట్ల ఓడకు దీని వల్ల వచ్చే తేడా 0.1' కూడా ఉండదు, వదిలెయ్యండి.

ఇదే సైట్‌తో రేఖాంశం కూడా లాగుదామని కొందరు చూస్తారు. సూర్యుడు ఏ క్షణాన ఆగాడో చూసి ఆ టైం వాడితే చాలు కదా అని. చాలదు. ఆ వేళకు రెండు నిమిషాలు ముందూ వెనకా సూర్యుడి ఎత్తు 0.2' మాత్రమే మారుతుంది, కన్ను దాన్ని పట్టలేదు. రెండు నిమిషాలు తప్పితే రేఖాంశం 30 మినిట్లు పోయినట్టే. నా మటుకు నేను దాన్ని రేఖాంశం అనను.

రేఖాంశం కోసం పొద్దుటి సైట్ కావాలి. ఒక్కటి కాదు, నిమిషానికొకటి చొప్పున అయిదు తియ్యండి. మన ఉదాహరణలో ఆ వేళకు సూర్యుడు నిమిషానికి 11' చొప్పున లేస్తుంటాడు. అయిదు కొలతలూ వరసగా రాస్తే మధ్య తేడాలు పదకొండుకు దగ్గరగా ఉండాలి. ఒకటి ఏడు, పక్కది పదిహేను వచ్చాయంటే ఆ రెంటి మధ్య ఉన్న సైట్ చెడ్డది, కొట్టెయ్యండి. అన్నీ పదకొండే ఉండి ఒకచోట ఏకంగా ఒక డిగ్రీ తేడా వస్తే అది సూర్యుడిది కాదు, చదవడంలో వచ్చిన తప్పు. డ్రమ్ సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు డిగ్రీ గీత ఇటుదో అటుదో తికమక పెడుతుంది. 25° 58' ని 26° 58' అని రాసేస్తారు. అరవై మైళ్లు!

మధ్య సైట్ తీసుకుందాం. జీఎంటీ 03:02:20, సెక్స్‌టెంట్ 26° 24.0'. ఇందాకటి లాగే 2.2', 7.0' తీస్తే 26° 14.8'. సూర్యుడు కిందున్నాడు కాబట్టి గాలి వంపు ఇప్పుడు 2.0'. దాన్ని తీసి, 0.1', 16.3' కలిపితే నిజమైన ఎత్తు 26° 29.2'.

ఆల్మనాక్‌లో 03 గంటలకు జీహెచ్ఏ 225° 25.0' అనుకుందాం. 2 నిమిషాల 20 సెకన్లకు ఇంకో 35.0'. మొత్తం 226° 00.0'. ఇక మనం ఎక్కడున్నామో ఒక అంచనా కావాలి. కోర్సు, వేగం, గడిచిన టైం వేసి కట్టిన డీఆర్ పొజిషన్ ఉత్తరం 17° 14', తూర్పు 84° 08'. తూర్పు రేఖాంశాన్ని జీహెచ్ఏకి కలిపితే మన రేఖాంశం నుంచి సూర్యుడి చోటుకు పడమటి వైపు కోణం, ఎల్‌హెచ్ఏ, 310° 08'. పడమటి రేఖాంశమైతే తీస్తాం. మన ఓడలు ఎప్పుడూ తూర్పు రేఖాంశంలోనే తిరుగుతుంటే ఈ గుర్తు మర్చిపోతారు, అట్లాంటిక్ వెళ్లాక దొరికిపోతారు.

ఇప్పుడు అడగాల్సింది ఇది: మనం నిజంగా ఆ డీఆర్ పొజిషన్‌లోనే ఉంటే ఆ క్షణాన సూర్యుడి ఎత్తు ఎంత ఉండాలి? అక్షాంశం సైన్‌ని డెక్లినేషన్ సైన్‌తో గుణించండి. ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం కాబట్టి అది రుణం: −0.11782. అక్షాంశం కొసైన్, డెక్లినేషన్ కొసైన్, ఎల్‌హెచ్ఏ కొసైన్ మూడూ గుణిస్తే 0.56486. కలిపితే 0.44704. ఆ సైన్ ఉన్న కోణం 26° 33.2'. దశాంశాలు అయిదు ఉంచండి. మూడింటితో ఆపేస్తే రెండు మైళ్ల దాకా అక్కడే పోతాయి. అజిమత్ (సూర్యుడున్న దిక్కు) కట్టినా, టేబుల్స్ చూసినా 128.4 వస్తుంది, అంటే ఆగ్నేయం.

ఉండాల్సింది 26° 33.2', ఉన్నది 26° 29.2'. నాలుగు మినిట్లు తక్కువ, ఇదే ఇంటర్‌సెప్ట్. ఎత్తు తక్కువైతే సూర్యుడికి దూరం ఎక్కువ. కాబట్టి డీఆర్ కంటే నాలుగు మైళ్లు సూర్యుడికి అవతలగా ఉన్నాం. చార్టు మీద డీఆర్ నుంచి 128.4కి వ్యతిరేక దిశలో నాలుగు మైళ్లు వెళ్లి, అక్కడ ఆ దిశకు అడ్డంగా గీత గియ్యండి. 038 నుంచి 218కి పోయే గీత. ఓడ ఆ గీత మీద ఎక్కడో ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. కోర్సు 123, సూర్యుడు 128లో. అంటే సూర్యుడు దాదాపు ఓడ ముక్కుకు ఎదురుగా ఉన్నాడు, గీత కోర్సుకు అడ్డంగా పడింది. ఇలాంటి గీత మనం ఎంత ముందుకు వచ్చామో చెబుతుంది, పక్కకు తోసుకుపోయామా లేదా అన్నది చెప్పదు. సూర్యుడు బీమ్ మీద, అంటే ఓడకు సరిగ్గా పక్కన ఉంటే దీనికి తలకిందులు. గీత కోర్సు వెంట పడుతుంది, పక్కకు పోయింది తెలుస్తుంది, వేగం సంగతి తెలియదు. సైట్ ఎప్పుడు తియ్యాలో గడియారం చూసి కాదు, మీకేం తెలియాలో దాన్ని బట్టి ఎంచుకోండి.

ఇక రెండు గీతలూ కలపాలి. పొద్దుటి సైట్ నుంచి మధ్యాహ్నం దాకా ఓడ 40 మైళ్లు నడిచింది. పొద్దుటి గీతను యథాతథంగా కోర్సు వెంట 40 మైళ్లు జరపండి, వాలు మారకుండా. మధ్యాహ్నపు గీత 16° 50.0' దగ్గర తూర్పు పడమరగా ఉంటుంది. రెండూ ఖండించుకున్న చోటు ఉత్తరం 16° 50.0', తూర్పు 84° 35.9'. అదే ఫిక్స్. రెండు గీతల మధ్య యాభై డిగ్రీలు పైగా ఉంది, బాగుంది. ముప్ఫై లోపైతే చిన్న తప్పు కూడా ఫిక్స్‌ని చాలా దూరం జరిపేస్తుంది.

డీఆర్ లెక్క ప్రకారం మధ్యాహ్నానికి మనం ఉండాల్సింది 16° 52.2', 84° 43.1' దగ్గర. ఫిక్స్ దానికి ఏడు మైళ్లు పడమటి నైరుతిగా పడింది. ఎవరి తప్పు? స్టీరింగ్ కావచ్చు, నడిచిన దూరం కొలిచే లాగ్ కావచ్చు. కానీ డిసెంబరులో మన తీరం వెంట నీళ్లు నైరుతి వైపే పోతాయి, ఈశాన్య గాలీ అటే తోస్తుంది. కాబట్టి ఈ ఏడు మైళ్లను నేను నమ్ముతాను. అదే ఏడు మైళ్లు ఈశాన్యంగా వచ్చి ఉంటే కోర్సు మార్చను, ముందు లెక్క మళ్లీ చూస్తాను. ఒక హెచ్చరిక: మధ్యలోని 40 మైళ్లు లాగ్ చెప్పినవి. లాగ్ నూటికి అయిదు తప్పితే ఫిక్స్‌లో రెండు మైళ్లు అప్పుడే పోయాయి. సెక్స్‌టెంట్ మీద పదో వంతు మినిట్ కోసం తపించి, పరుగును కంటి అంచనాతో వేసేవాళ్లు ఉన్నారు.

తప్పుల్లో కెల్లా మొండిది హొరైజన్‌ది. డిప్ సూత్రం మామూలు గాలికి చెప్పింది. నీళ్లు చల్లగా, పైన గాలి వేడిగా ఉంటే కాంతి ఎక్కువ వంగి హొరైజన్ పైకి లేస్తుంది. మార్చి నుంచి మే దాకా విశాఖ తీరం వెంట అడుగు నుంచి చల్లని నీళ్లు పైకి వస్తాయి, పైన ఎండాకాలపు గాలి. గీత లేస్తే కొలిచిన ఎత్తు తగ్గుతుంది, సూర్యుడికి ఉన్నదానికంటే దూరంగా ఉన్నామనుకుంటాం. ఎన్ని సైట్లు సగటు వేసినా ఈ తప్పు పోదు, అన్నిట్లోనూ ఒకేలా ఉంటుంది. దూరపు ఓడలు సాగదీసినట్టో, నీటి మీద తేలుతున్నట్టో కనిపిస్తే ఆ రోజు సైట్‌ని మూడు నాలుగు మైళ్ల అనుమానంతో వాడండి.

పొగమంచుగా, మసగ్గా ఉన్న రోజున ఉపాయం ఉంది. కింది డెక్‌కి దిగండి. 16 మీటర్ల ఎత్తు నుంచి హొరైజన్ ఎనిమిది మైళ్ల అవతల ఉంటుంది, 4 మీటర్ల నుంచి నాలుగు మైళ్లలోనే. దగ్గరిది కాబట్టి గీత స్పష్టంగా దొరుకుతుంది. డిప్ మాత్రం 7.0' కాదు, 3.5' అవుతుంది. దిగి, పాత డిప్ వేస్తే మూడున్నర మైళ్లు గాలికి పోయినట్టే.

మబ్బుల సందున పై అంచు మాత్రమే దొరికితే అదే కొలవండి, అర్ధవ్యాసం కలపడానికి బదులు తీసెయ్యండి. మర్చిపోతే 32 మినిట్ల తప్పు, అంత పెద్దది కాబట్టి దొరికిపోతుంది. దొరకనిది తేదీ తప్పు. జూన్‌లో అండమాన్ దగ్గర మన గడియారం అయిదున్నర కొట్టకముందే సూర్యుడు పైకొస్తాడు, అప్పటికి గ్రీనిచ్‌లో ఇంకా నిన్నే. ఆ నెలలో డెక్లినేషన్ మెల్లగా కదులుతుంది కాబట్టి తప్పు పైకి కనబడదు. మార్చిలో, సెప్టెంబరులో ఒక రోజు తప్పితే 23 మినిట్లు పైన పోతాయి.

ఇంటి దగ్గర అభ్యాసం గురించి చాలామంది అడుగుతుంటారు. రామకృష్ణా బీచ్‌కి వెళ్లండి. అక్కడ సరిగ్గా దక్షిణాన సముద్రమే ఉంటుంది, డాల్ఫిన్స్ నోస్ కాస్త పడమటికి జరిగి నైరుతిలో ఉంటుంది. అక్షాంశం 17° 43' అని ముందే తెలుసు కాబట్టి తప్పు ఎంతో అక్కడికక్కడే తేలుతుంది. లంగరు వేసిన ఓడల మధ్య ఖాళీ హొరైజన్ చూసి కొలవండి. ఓడ నీటి గీతను హొరైజన్ అనుకోకండి, అది హొరైజన్‌కి ఇవతలే ఉండవచ్చు. ఇంకోటి, మధ్యాహ్నం పన్నెండింటికి కాదు. ఐఎస్‌టీ రేఖ 82° 30' తుని పక్క నుంచి పోతుంది, మనం దానికి కొంచెం తూర్పున ఉన్నాం. నవంబరు మొదట్లో విశాఖలో సూర్యుడు 11:40కే రేఖాంశం దాటేస్తాడు, ఫిబ్రవరి మధ్యలో 12:11 దాకా దాటడు.

ఏ తేదీన వెళ్లినా ఒకటి చూసుకోండి, ఎటు తిరిగి నిలబడాలి? మే రెండో వారంలో సూర్యుడు విశాఖ నడినెత్తికి వచ్చి ఉత్తరానికి దాటిపోతాడు. ఆగస్టు మొదటి వారంలో తిరిగొస్తాడు. ఈ మధ్య కాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. బీచ్‌లో ఉత్తరాన సముద్రం లేదు, ఊరుంది. ఓడ మీద హొరైజన్ అన్ని వైపులా ఉంటుంది కానీ లెక్క మారుతుంది, డెక్లినేషన్ లోంచి నడినెత్తి దూరం తియ్యాలి. జూన్ 21న 23° 26' లోంచి 5° 45' తీస్తే విశాఖ రేవు 17° 41' వస్తుంది. అలవాటున రెండూ కలిపితే ఓడ ఒడిశా దాటి ఎక్కడో నేల మీద పడుతుంది. (నవ్వులు)

సూర్యుడు నడినెత్తికి రెండు డిగ్రీల లోపు వచ్చిన రోజుల్లో మామూలు పద్ధతి కుదరదు. సూర్యుడు ఒక్క చోట ఆగడు, తూర్పు నుంచి పడమటికి నిమిషాల్లో తిరిగిపోతాడు. సెక్స్‌టెంట్ ఊపితే ఎటు ఊపినా హొరైజన్ తాకుతున్నట్టే ఉంటుంది. దానికి వేరే దారి ఉంది, అది ఇంకా తేలిక. నడినెత్తి దూరం ఒక డిగ్రీ అంటే అరవై మైళ్లే కాబట్టి వలయం మొత్తం చార్టులో పట్టేస్తుంది. సూర్యుడి చోటు చార్టు మీద పెట్టి కంపాస్‌తో వలయమే గీసెయ్యండి. మూడు నిమిషాల తర్వాత ఇంకో సైట్, ఇంకో వలయం. సూర్యుడి చోటు ఈలోగా 45 మినిట్లు పడమటికి జరిగి ఉంటుంది. రెండూ ఖండించుకున్నదే ఫిక్స్.

(సభలోంచి ప్రశ్న: సముద్రం దగ్గర లేనివాళ్లు, అనకాపల్లిలోనో విజయనగరంలోనో, ఎలా నేర్చుకోవాలండి?)

మంచి ప్రశ్న. వెడల్పాటి పళ్లెంలో నల్లటి ఇంజన్ ఆయిల్ పొయ్యండి, గాలి తగలని చోట పెట్టండి. నూనెలో కనిపించే సూర్యుడి మీదకు సెక్స్‌టెంట్‌లోని సూర్యుణ్ని దించి రెంటినీ ఒకదాని మీద ఒకటి పూర్తిగా కప్పెయ్యండి. ఇండెక్స్ ఎర్రర్ తీసి, వచ్చిన కోణాన్ని సగం చెయ్యండి, అదే ఎత్తు. డిప్ లేదు. కేంద్రాలనే కలిపారు కాబట్టి అర్ధవ్యాసమూ లేదు. గాలి వంపు, పేరలాక్స్ మాత్రం ఉంటాయి. చేతిలో మిగిలిన తప్పు కూడా సగమవుతుంది కాబట్టి ఓడ మీద కంటే బాగానే వస్తుంది. నూనె మీద చిన్న అల లేచినా బింబం వణుకుతుంది, అప్పుడు ఆగి చూడండి. కాకపోతే కోణం రెండింతలవుతుంది, సెక్స్‌టెంట్ 120 దాటి పెద్దగా కొలవదు. సూర్యుడు 60 డిగ్రీల లోపు ఉండాలి. మన ప్రాంతంలో మధ్యాహ్నపు సైట్ ఇలా కుదిరేది అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మాత్రమే. మిగతా నెలల్లో పొద్దున తొమ్మిది లోపో, సాయంత్రం మూడు దాటాకో తీసుకోండి, ఇంటర్‌సెప్ట్ కట్టండి.